హద్దు రాయి కింద సాక్షులు

జ్వోంకో అన్నయ్యా,

"పోనీలే, ఊరుకో" అన్నావు గానీ, పక్కింటి షిమున్ సోమవారం గోడ మొదలుపెడుతున్నాడని తెలిసి ఈ కార్డు రాస్తున్నాను. దేవుని దయవల్ల అందరం క్షేమం.

ఆ గోడ కడితే అమ్మ నాటిన ఆలివ్ చెట్టు అటు పోతుంది. చర్చి దీపానికి నూనె దానిదే. వంటగది కట్టడానికి నేను చేయించిన సర్వే కాగితం చూపిస్తే షిమున్ నవ్వాడు. "చెల్లెమ్మా, ఇందులో ఎత్తుపల్లాలున్నాయి గానీ, నేల ఎవరిదో ఉందా?" అన్నాడు. నిజమే, కట్టడానికి చేసే సర్వే వేరు, హద్దు తేల్చే సర్వే వేరట. నిన్న అదీ చేయించాను. సర్వేయరు పాత పటం ప్రకారం కొలిచి, ఇప్పుడున్న హద్దు రాయికి నాలుగంగలు అవతల తవ్వించాడు. హద్దు రాయిని ఎవరైనా జరిపినా అసలు చోటు తెలియాలని తాత దాని కింద పాతిన సాక్షి రాళ్లు అక్కడే దొరికాయి. ఒకే రాయిని పగలగొట్టి పాతిన రెండు ముక్కలు. నేనే కలిపి చూశాను, సరిగ్గా అతికాయి. "పై రాయిని జరిపినాయన వీటిని మరిచిపోయాడమ్మా," అన్నాడు సర్వేయరు. షిమున్ టోపీ తీసి తల దించుకున్నాడు.

స్థలం మనిద్దరి పేరు మీదా ఉంది. కొత్త గుర్తు పాతేటప్పుడు నువ్వూ ఉండి సంతకం పెట్టాలి. శనివారం పొద్దుటి బస్సుకి రా, సెలవు లేదనకు. దగ్గు తగ్గిందా? ఉన్ని మేజోళ్లు అందాయా? వస్తూ పొయ్యి గొట్టానికి మూత తీసుకురా.

మరియమ్మ తల్లి నిన్ను కాపాడాలి. ఈ కార్డు ప్రార్థన పుస్తకంలో దాచు. ఓడల కర్మాగారంలో నీ పక్కనే పనిచేసే షిమున్ కొడుక్కి మాత్రం చూపించకు. ఆ సంగతి అతను తండ్రి నోటనే వినాలి.

నీ చెల్లెలు
లుట్సియా