నీ కాలు కొలిచిన కర్ర

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. ఇన్నాళ్లూ మన రేసు కారుకొక్కదానికే ఒంట్లో బాగాలేదు, అదీ ఇప్పుడు లేచి తిరుగుతోంది. అక్కడ నువ్వు వేళకు తిని వేళకు పడుకుంటున్నావనే నమ్ముతున్నాను. ఇంత దూరం నుంచి నమ్మడం తప్ప నేను చేయగలిగిందేముంది? ఈ ఉత్తరంతో పాటు నీకొక పొడుగాటి పొట్లం అందుతుంది. ఉత్తరం పూర్తిగా చదివాకే అది విప్పు. నీ తొందర తెలిసినదాన్ని కాబట్టి ముందే చెబుతున్నాను.

నాన్న మోకాలి గురించి అడిగావు. కారు కిందకి దూరొద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆయనేమో "దూరడం లేదమ్మా, తొంగి చూస్తున్నానంతే" అంటూ నడుము దాకా మాయమైపోతున్నాడు. అమ్మ మారలేదు. ప్రతి ల్యాపుకీ, అదే ప్రతి చుట్టుకీ, పట్టిన టైము చూపించే తెర ట్రాక్ పక్కన మన పిట్‌లో పెట్టించినా, తన పాత స్టాప్‌వాచ్ చేతిలో ఉండాల్సిందే. తెరకీ తనకీ తేడా వస్తే తెర బాగుచేయించమంటుంది. ఇంజిన్ బాబాయ్, నాన్న కలిసి ఈ షెడ్డుకి మొదటి రేకు వేసిన రోజు పెట్టుకున్న తగువు ఇంకా తెగలేదు. రేకు వంకరగా వేసింది నువ్వంటే నువ్వని ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నారు.

నువ్వు చేరిన ఆ పెద్ద జట్టువాళ్లు మన షెడ్డుని మ్యూజియం అంటున్నారని రాశావు. అననీ. మ్యూజియానికి వచ్చేవాళ్లు కనీసం చేతులు కట్టుకుని చూసి పోతారు. మీవాళ్లు అది కూడా నేర్చుకుంటే మంచిదే.

ఇక నువ్వు అసలు అడిగిన సంగతి. "అక్కా, మన జట్టు మళ్లీ నిలబడుతుందా? నిజం చెప్పు. ఈ సీజన్ కాగానే ఇక్కడ మానేసి వచ్చేస్తాను. నా సీటు నాకు ఉంచండి" అని రాశావు. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కానీ ముందు షెడ్డులో ఏం జరిగిందో వింటేనే ఆ జవాబు నీకు అర్థమవుతుంది.

నువ్వు వెళ్లినప్పటి నుంచి మన కారు ఎక్కిన డ్రైవర్లు ఎవరూ నిలవలేదు. ఒకడు కారు తిప్పలేడన్నాం, ఒకడికి ధైర్యం లేదన్నాం, ఒకడికి పొగరన్నాం. జట్ల పట్టికలో జారుతూ జారుతూ అట్టడుక్కి చేరాం. అడుగున మిగిలిన జట్టుకి వచ్చే ఏడాది చోటు లేదని నిర్వాహకులు తేల్చి చెప్పారు. అప్పుడు వచ్చింది ఈ అమ్మాయి. మనిషి నా భుజం దాకా కూడా రాదు. బాబాయ్ చూడగానే పిచ్చుక అని పేరు పెట్టేశాడు. తనకీ నచ్చినట్టుంది, హెల్మెట్ మీద చిన్న పిచ్చుక బొమ్మ వేయించుకుంది.

ఒకరోజు ప్రాక్టీసు నుంచి వచ్చి, హెల్మెట్ తీసి, మెల్లగా అంది.

"ఈ కారు నన్ను ఇంకెవరో అనుకుంటోందక్కా."

బాబాయ్ ఊరుకుంటాడా, ఆడలేక మద్దెల ఓడన్నాడు. నేనూ నవ్వాను. మర్నాడు పిచ్చుకని కారులో కూర్చోబెట్టి పెడళ్లు సరిచూస్తుంటే నాన్న మామూలుగా తన కర్ర తెచ్చాడు. నీకు గుర్తుంది కదా? పిల్లల రేసు బండిలో కాళ్లు అందక నువ్వు ఏడిస్తే, అమ్మ చీపురు కర్రని నాన్న విరగ్గొట్టి నీ కాలు కొలిచాడే, ఆ కర్ర. సీటు నుంచి పెడల్ దాకా ఆ కర్ర పెట్టేవాడు. నువ్వు పెరిగినప్పుడల్లా ఇంకాస్త పైన ఇంకో గాటు పడేది. ఆఖరి గాటు అన్నిటికన్నా లోతు. నువ్వు వెళ్లిపోయినా నాన్న ఆ గాటుకే పెడళ్లు బిగిస్తూ వచ్చాడు. ఎవరికైనా కాళ్లు అందకపోతే పెడళ్లు జరపలేదు, వీపు వెనక దిళ్లు కుక్కి మనిషినే ముందుకు తోశాడు. పిచ్చుక వెనక రెండు దిళ్లున్నాయి. వాటి మధ్య నుంచి నాన్న వైపు చూసి అడిగింది.

"ఈ కర్ర ఎవరిది?"

బాబాయ్ టీ తెస్తానని బయటికి పోయాడు. నాకు అప్పుడు వెలిగింది. ఒక్క పెడళ్లేనా? నీకు మలుపులో కారు తోక ఊగితే సరదా, అందుకని వెనక స్ప్రింగులు మెత్తగా ఉన్నాయి. నువ్వు ఆఖరి క్షణంలో గుద్దినట్టు బ్రేకు వేస్తావు, బ్రేకులు దానికి తగ్గట్టే ఉన్నాయి. డ్రైవరు ఏం మార్చమన్నా మార్చేవాళ్లం, రేసు కాగానే నాన్న మళ్లీ "మన సెట్టింగు"కి తెచ్చేసేవాడు. అది మన సెట్టింగు కాదు తమ్ముడూ, నీది. నీకోసం కట్టిన కారులో వాళ్లని ఎక్కించి, నీలా నడపడం లేదని తిట్టాం. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పాపం, ఆ మద్దెల నిజంగానే ఓడు.

నాన్న ఒప్పుకోలేదు. ఆ సెట్టింగుతోనే గెలిచామన్నాడు. "గెలిచింది వాడు నాన్నా, వాడిక్కడ లేడు" అన్నాను. ఆయన పెరట్లోకి వెళ్లి పాత టైర్ల మీద కూర్చున్నాడు. వెళ్లి బతిమాలలేదు నేను. దిళ్లు పీకి అవతల పారేశాను, పెడళ్లు జరిపాను, వెనక స్ప్రింగులు గట్టివి వేశాను. పిచ్చుక ట్రాక్ మీదకి వెళ్లింది. రెండు ల్యాపులయ్యాక అమ్మ స్టాప్‌వాచ్ వైపు చూసి, పాడైందేమోనని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తరవాత జన్మలో మొదటిసారి, తెర మీద ఎంత పడిందని నన్ను అడిగింది.

ఆ పై రేసులోనే ఆరో స్థానం. మీ టీవీలో మమ్మల్ని చూపించి ఉండరు. పొడుగు మలుపులో బయటి వైపు నుంచి ఇద్దర్ని దాటింది, నువ్వెప్పుడూ లోపలి నుంచి దాటే చోటే. ఇంకొక్క రేసు మిగిలింది. అందులో మా పైనున్న జట్టుని దాటితే మా చోటు మాకుంటుంది. ఒక్క జట్టుని దాటి ఆగిపోతామని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఇంతసేపూ దీని చుట్టూనే తిరిగాను. నువ్వు వచ్చేస్తానని రాసిన ఉత్తరం నాన్న షెడ్డులో అందరి ముందూ పైకి చదివాడు. చదివి, మళ్లీ మొదటి నుంచి ఇంకోసారి చదివాడు. నాకూ ఎగిరి గంతేయాలనిపించింది, అబద్ధం చెప్పను. అప్పుడు పిచ్చుక లేచి, ఒకప్పటి నీ కొక్కేనికి తగిలించిన తన హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. నాకు సిగ్గేసింది. ఆ హెల్మెట్ తీసుకెళ్లి మళ్లీ కొక్కేనికే తగిలించాను.

నీ సీటు ఉంచలేదు తమ్ముడూ. వచ్చే ఏడాదికీ పిచ్చుకదేనని మాటిచ్చేశాను. నువ్వు రావద్దు.

నువ్వొస్తే గెలుస్తాం, కాదనను. కానీ నువ్వు వచ్చేది మా మీద జాలితో. ఆ జాలి తీరాక నువ్వు మళ్లీ వెళ్తావు, వెళ్లాలి కూడా. అప్పుడు మేం మళ్లీ దిళ్లు కుక్కుకుంటూ నీకోసం కూర్చుంటాం. అలా కూర్చునేవాళ్లని జట్టు అనరు. నిన్ను చూడాలని నాకెంతగా ఉందో రాస్తే ఈ కాగితం చాలదు. అయినా రావద్దు.

ఈ మాట చెప్పాక నాన్న రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మూడో పూట కర్ర తెచ్చి, పాత పేపర్లో చుట్టి, దారం కట్టి నా చేతిలో పెట్టాడు.

"వాడి కొలత వాడి దగ్గరే ఉండాలి. ఇక్కడుంటే నా చెయ్యి దాని మీదికే పోతుంది" అన్నాడు.

ఆ పొట్లమే నీ దగ్గరున్నది, ఇక విప్పుకో. నాన్న ఇంకో కర్ర కోసి పిచ్చుక కాలు కొలిచి గాటు పెట్టాడు. అమ్మ తన కొత్త చీపురు ఏమైందని ఇల్లంతా వెతుకుతోంది, నువ్వు మాత్రం చెప్పకు.

ఆఖరి రేసు మీ పెద్ద జట్లతో కలిపి ఇక్కడే కదా, అందులో నువ్వు ముందు వరసలో ఉంటావు, మేం వెనకెక్కడో ఉంటాం. రేసయ్యాక ఇంటికి రా, నలుగురం కలిసి తిందాం. ట్రాక్ మీద మాత్రం అద్దంలో ఓ కన్నేసి ఉంచు. ఎర్ర కారు కనిపించిందనుకో, అక్క కారు కదా, పాపం అని పక్కకి తప్పుకున్నావో, మళ్లీ నీ మొహం చూడను. నువ్వు దారి ఇవ్వక్కర్లేదు. మేమే తీసుకుంటాం.

ఇట్లు,
నీ వెనకే వస్తున్న
అక్క