చేతులు వెనక్కి కట్టుకున్న వారం

సోమవారం, మార్చి 4. ఉదయం 7.00
ఈ రోజు నుంచి నా చేతులు నా వీపు వెనకే ఉంటాయి. మనవరాలు లివియాకు నాలుగేళ్లు. నీళ్లు వంచుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం, బల్ల తుడవడం అన్నీ తనే చేసుకోవాలట. అప్పుడే చేతికి అదుపు వస్తుందని బడిలో టీచరమ్మ చెప్పింది. కోడలు మొరేనా దానికో తోక తగిలించింది. "అత్తయ్యా, ఆదివారం భోజనానికొచ్చి చూస్తా. మీరింకా నోట్లో పెడుతూనే ఉంటే, మధ్యాహ్నాలు కూడా పిల్లని బడిలోనే ఉంచేస్తా."
ఆ పిల్ల రాకపోతే పెరూజా ఊళ్లో ఈ ఇంట్లో నాకు గోడలే దిక్కు. వారమే కదా, చూపిస్తాను.

సాయంత్రం 4.10
కూజాలోంచి గ్లాసులోకి నీళ్లు. సగం బల్ల మీదే. నేను కదల్లేదు. నన్ను నేనే మెచ్చుకున్నాను: భేష్, ఎర్సిలియా!

మంగళవారం
కోటు బొత్తాలు: ఆరు. పట్టిన సమయం: ఇరవై రెండు నిమిషాలు.
మెట్ల మీద పక్కింటి ఇవానా, "పసిదానికి ఏం శిక్షమ్మా ఇది?" అంది. నాలుగో బొత్తాం నేనే పెట్టాను. ఒక్కటే. అది బిగుతుగా ఉంది.

బుధవారం
వాన. వానరోజు బొత్తాలు లెక్కలోకి రావు. టీచరమ్మ అలా అనలేదు గానీ, అడిగితే అంటుంది.
పాస్తా కూడా నేనే తినిపించాను. వేడిగా ఉంది మరి.

శుక్రవారం
తినిపించబోతే లివియా నా చేతులు పట్టుకుని వెనక్కి తోసింది. "ఇక్కడ పెట్టుకో నానమ్మా." కుర్చీ ఎక్కి గ్లాసు నింపుకుంది. ఒక్క చుక్క ఒలకలేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, నా అవసరం తీరిపోయిందని.

ఆదివారం, మధ్యాహ్నం 2.15
లివియా బల్ల సర్దింది. నలుగురికీ నీళ్లు వంచింది. మొరేనా నోరు వెళ్లబెట్టింది. గెలిచాననుకున్నాను.
భోజనం అయ్యాక పళ్లు బల్ల మీదకు వచ్చాయి. లివియా తన కమలాపండు తనే ఒలుచుకుంది. ఉన్నట్టుండి అందరూ నా వైపు చూస్తున్నారు. అప్పుడు చూసుకున్నాను. నేనూ ఒక పండు ఒలిచి, గింజలు తీసి, తొనలు ఒక్కొక్కటే నా కొడుకు తిజియానో కంచంలో పెడుతున్నాను. వాడికి ముప్పై తొమ్మిది. ఫోను మీంచి తల ఎత్తకుండా తింటున్నాడు.
"నాన్నా, నీ చేతికి దెబ్బ తగిలిందా?" అని అడిగింది లివియా.
మొరేనా నవ్వలేదు. "లివియా మీ దగ్గరకే వస్తుంది అత్తయ్యా. బడిలో వేయాల్సింది మీ అబ్బాయిని."

సోమవారం, మార్చి 11. ఉదయం 7.00
ఈ రోజు నుంచి నా చేతులు నా వీపు వెనకే. ఈసారి తిజియానో. చిన్న పనులతో మొదలుపెట్టాలి. ముందు కమలాపండు, తర్వాత ఇస్త్రీ.

7.20
వాడి ఫోను. "అమ్మా, నా చొక్కాలు ఇస్త్రీ అయ్యాయా?"
అయ్యాయి. ఐదే. బయట వాన.