బాతు టోపీలు, మాడిన దుంపలు

చిట్టికి,

అక్కయ్య దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వు వేళకు తింటున్నావని అనుకోమంటే అనుకుంటాను.

ఆసుపత్రిలో నర్సుగా రిటైరయ్యాక నాకు కిటికీ తెరలు ఉతకడం తప్ప పనేం లేదని నీకు తెలుసు. ఇప్పుడు కొండమీది ఊళ్ళో నర్సింగ్ బడివాళ్ళు పిలిచారు. ఏడాదిపాటు కొత్త పిల్లలకు పాఠాలు చెప్పాలట. ఆ ఉత్తరం చదివినప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. ఎంత వెళ్ళాలనుందో చెప్పలేను.

కానీ ఒక చిక్కుంది. ఇంట్లో నా చేతికింద ఒక విద్యార్థి ఉన్నాడు. తనకు గుడ్డు ఉడకబెట్టుకోవడం కూడా రాదు. తన తిండి తను వండుకోవడం వచ్చేదాకా నేను కదలలేను. నువ్వు నేర్పడం గురించే పెద్ద చదువు చదివావు కదా, మనిషికి ఏదైనా ఎలా తలకెక్కుతుందో చెప్పు.

ఉంటాను,
అక్కయ్య

తా.క.: ఎవరని అడక్కు. పరువుగల కుటుంబం.

---

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. మేం పిల్లల కోసం తెర మీద పాఠాలు తయారుచేస్తామే గానీ, ఇంట్లో పిల్లలు వాటితో ఏం చేస్తారో చూసే అదృష్టం మాకు తక్కువ. అందుకని చాలా కుతూహలంగా ఉంది. ఇంతకీ వాడి వయసెంత? పళ్ళు ఊడుతున్నాయా? మధ్యాహ్నం నిద్రపోతాడా? నువ్వు బయటికి వెళితే పేచీ పెడతాడా?

ముందు ప్రవర్తనావాదంతో మొదలుపెడదాం. భయపడకు, సంగతి చిన్నదే. మంచి పని చేసిన వెంటనే మెచ్చుకుంటే మనిషి ఆ పని మళ్ళీ చేస్తాడు. ఒక ట్యాబ్ పంపుతున్నాను. అందులో వంట నేర్పే బాతు ఉంటుంది. సరైన జవాబు చెబితే నక్షత్రం, నక్షత్రాలు పోగైతే బాతు తలకు కొత్త టోపీ. నువ్వు కూడా ప్రతి చిన్న పనికీ శభాష్ అను.

నీ
చిట్టి

తా.క.: బావగారికి నమస్కారాలు. ఈ పిల్లాడి గొడవలో పడి ఆయన్ని పస్తులుంచకు.

---

చిట్టికి,

ఆశీస్సులు. నువ్వడిగినవన్నీ నిజమే. పళ్ళు ఊడుతున్నాయి, ఈమధ్యనే రెండు పోయాయి. మధ్యాహ్నం నిద్ర తప్పదు, లేపితే మూతి ముడుచుకుంటాడు. నేను గుమ్మం దాటితే చాలు, ఎప్పుడొస్తావని అడుగుతాడు.

బాతు బాగా నచ్చింది. పొద్దున్న లేచి ముఖమైనా కడుక్కోకుండా దాని ముందు కూర్చుంటున్నాడు. టోపీలు పెట్టడానికి బాతుకి తల చాలడం లేదు. సంతోషించి నిజం గుడ్డు చేతికిచ్చాను. ఖాళీ గిన్నెలో వేసి స్టవ్ మీద పెట్టాడు. నీళ్ళేవంటే, బాతు దగ్గర నీళ్ళు వాటంతటవే వస్తాయన్నాడు. మీ పాఠంలో ఎక్కడా నీళ్ళు పట్టలేదట్రా?

ఒకరోజు గ్లాసు కడిగితే శభాష్ అన్నాను. అదే నేను చేసిన పొరపాటు. ఇప్పుడు గ్లాసు కడిగి, పట్టుకుని నిలబడుతున్నాడు. శభాష్ అనేదాకా కదలడు.

అక్కయ్య

తా.క.: నల్లటోపీ అడిగితే ఎర్రటోపీ ఇచ్చిందని నిన్నటినుంచి బాతుతో మాటల్లేవు.

---

అక్కయ్యకు నమస్కారాలు.

పళ్ళు, నిద్ర, పేచీ. ఆరేళ్ళు. నాకు ఇసుమంతైనా అనుమానం లేదు.

నీళ్ళ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. ఆఫీసంతా తలలు దించుకున్నాం. వాడు మా దగ్గర వంట నేర్చుకోలేదు, టోపీలు సంపాదించడం నేర్చుకున్నాడు. కాబట్టి బాతుని పక్కన పెట్టు. ఈసారి నిర్మాణాత్మకవాదం. చెప్పింది తలలో నిలవదు, తన చేత్తో చేసి, చెడగొట్టి, ఎందుకు చెడిందో ఆలోచించి కట్టుకున్నదే నిలుస్తుంది. నువ్వు నోరు మెదపకు. చెడినప్పుడు ‘ఇలా ఎందుకయింది?’ అని మాత్రం అడుగు. తర్వాత ఏమైందో తప్పకుండా రాయి, ఇక్కడ అందరం ఎదురుచూస్తుంటాం.

నీ
చిట్టి

తా.క.: స్టవ్ అందకపోతే పీట వెయ్యి. పక్కనే నిలబడు.

---

చిట్టికి,

ఆశీస్సులు. పీట వేశాను. దానిమీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

నోరు మెదపకుండా ఉండటం నాకెంత కష్టమో నీకు తెలుసు. అయినా పంటిబిగువున ఊరుకున్నాను. బంగాళాదుంపలు బొగ్గయ్యాయి. ‘ఇలా ఎందుకయింది?’ అని అడిగాను. ‘గ్యాసువాళ్ళు ఒత్తిడి పెంచారు’ అని మొదలుపెట్టి, వీధి కాలవ ఎందుకు పొంగుతోందో, రోడ్డు కొలతల్లో ఎవరు మోసం చేశారో, అన్నం చల్లారేదాకా చెప్పాడు. నా ప్రశ్నకు తప్ప అన్నిటికీ జవాబొచ్చింది.

ఒకటి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. దుంపలు నాకంటే సమానంగా తరుగుతాడు. ఉప్పు సరిగ్గా పడుతుంది. మూత తీసి చూడాల్సినప్పుడు తీస్తాడు. తీరా దించే వేళకి నేను బడివాళ్ళ ఉత్తరం బయటికి తీస్తే చాలు, మాడుతుంది. వస్తున్నారా లేదా అని వాళ్ళు మళ్ళీ రాశారు. నాకు ఏడుపొస్తోంది చిట్టీ.

అక్కయ్య

తా.క.: మాడిన గిన్నె కూడా కడిగి పట్టుకుని నిలబడ్డాడు. శభాష్ అనలేదు.

---

అక్కయ్యకు నమస్కారాలు.

ఆరేళ్ళకే పేపరు చదువుతున్నాడా! రోడ్డు కొలతల గురించి మాట్లాడుతున్నాడా! మా డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వచ్చే ఆదివారం ఫోటోగ్రాఫరుతో సహా మీ ఇంటికి వస్తారు. ఆరేళ్ళ కొలతకి బాతు బొమ్మ ఉన్న ఏప్రాన్ కుట్టించి ముందే పోస్టులో పంపించేశారు.

ఈలోగా సాంఘిక అభ్యసనం కూడా చూడు. పెద్దవాళ్ళు చెబితే ఎక్కనిది సాటివాళ్ళు చేస్తుంటే చూసి పట్టుబడుతుంది. అదే వయసు వాళ్ళని కొందరిని పోగుచేసి వంటింట్లో వదులు.

ఇంకొక మాట. మా ఆఫీసులో పిల్లల మనసు గురించి చదివిన ఒకావిడ ఉంది. నీ ఉత్తరాలన్నీ విని ఆవిడ ఒక్కటే అడిగింది: ‘వంట వస్తే ఆ పిల్లాడికి ఏం దక్కుతుంది? ఏం పోతుంది?’ వాడినే అడిగి చూడు. ఏమంటాడో రాయి.

నీ
చిట్టి

తా.క.: ఫోటోలో వాడి ఊడిన పళ్ళు కనిపించేలా నవ్వించాలని డైరెక్టరుగారి కోరిక.

---

చిట్టికి,

ముందు నీ డైరెక్టరుగారిని ఆపు. నా విద్యార్థి మీ బావగారు. వయసు అరవై నాలుగు. ఊడిన పళ్ళు మళ్ళీ రావు.

ఆయనకు గుడ్డు ఉడకబెట్టడం రాదని తెలిస్తే నువ్వు జన్మంతా ఆటపట్టిస్తావని దాచాను. నువ్వు ఆరేళ్ళు అన్నావు. నేను కాదనలేదు. చాలా విషయాల్లో సరిపోయింది కూడా.

సాటివాళ్ళని పిలిచాను. పక్కింటాయన, ఎదురింటాయన, వాళ్ళ బావగారు. వంటింట్లో పేకాడారు. టీ నేనే పెట్టాను.

వాళ్ళు వెళ్ళాక నీ ఉత్తరంలోని ఆ ప్రశ్న పైకి చదివాను. నేర్చుకుంటే ఏం పోతుంది అని. ఆయన లేచి వెళ్ళి దుంపలు తరిగారు, అన్నం వార్చారు, గుడ్లు ఉడకబెట్టి పెంకు తీశారు. పీట లేదు, బాతు లేదు. ఒక్క మెతుకు మాడలేదు.

‘ఎప్పుడొచ్చింది ఇదంతా?’ అన్నాను.

‘బాతు రెండో టోపీ పెట్టినప్పుడే’ అన్నారు. పెంకులు ఒకచోటికి పోగుచేస్తూ, ‘వచ్చిందని చెబితే నువ్వు వెళ్ళిపోతావుగా’ అన్నారు.

ఇన్నాళ్ళు ఆయనకు బద్ధకం అనుకున్నాను. నేనంటే అంత ఇష్టమని నోరు తెరిచి ఎప్పుడూ చెప్పని మనిషి, దానికోసం మాడిన దుంపలు తిన్నారు. నేను ఏడ్చాను. బడివాళ్ళకి రానని రాస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ‘నీకు కాలు నిలవడం లేదని నాకు కనబడటం లేదనుకున్నావా? పెట్టె సర్దుకో’ అన్నారు. సోమవారం బయల్దేరుతున్నాను.

అక్కయ్య

తా.క.: అప్పుడు శభాష్ అన్నాను. గట్టిగా.

---

బావమరిది చిట్టికి,

బావ ఆశీస్సులు. మీ అక్కయ్య వెళ్ళి నెల దాటింది. ఇల్లు పెద్దదైపోయినట్టుంది. మీ డైరెక్టరుగారు పంపిన ఏప్రాన్ అందింది, నాకు తల దూరలేదు. వేడి గిన్నెలు దించడానికి మాత్రం బాగా పనికొస్తోంది.

నా వంట బాగానే సాగుతోంది. పేకాట వాళ్ళు ముగ్గురూ ఇప్పుడు నా దగ్గరే నేర్చుకుంటున్నారు. మీ మూడో సిద్ధాంతం కాస్త ఆలస్యంగా పనిచేసింది. ఎదురింటాయనకి బాతుని ఇచ్చాను. పనివేళల్లో టోపీల గురించి మాట్లాడకూడదని షరతు పెట్టాను.

నీకో సందేహం రాస్తున్నాను. దుంపలు బాగా వచ్చాయని మీ అక్కయ్యకు రాస్తే ‘సంతోషం, ఆరోగ్యం జాగ్రత్త’ అని ఒక ముక్క వస్తుంది. మాడాయని రాస్తే, మంట ఎంత పెట్టాలి, మూత ఎప్పుడు తీయాలి, అక్కడి పిల్లలు తనని ఏమని పిలుస్తున్నారు, కొండ మీద చలి ఎలా ఉంది, తను నాకు గుర్తొస్తోందా లేదా అని పేజీలకు పేజీలు వస్తాయి. ఉద్యోగమంతా భూములు కొలిచిన మనిషిని, నాకు తెలిసిన లెక్క ఇది. దీన్ని మీ చదువులో ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

నీ విద్యార్థి,
బావ

తా.క.: నిన్న కూడా దుంపలు మాడాయి. మీ అక్కయ్యకు అలాగే రాశాను. నువ్వు మాత్రం నోరు మెదపకు.