గేటు పక్కన జోజప్ప

లీట్రిమ్, ఐర్లండ్
9 అక్టోబరు 2012

ప్రియమైన డొనల్,

ఫోనులో నీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది. అందుకే కాగితం పట్టుకున్నా.

నిన్న బ్యాంకుకి వెళ్లాను. మన ఇల్లు ఇప్పుడు అమ్మితే లక్షా పది వేల యూరోలు వస్తే గొప్పట. అప్పు రెండు లక్షల పై మాటే. "అమ్ముకోండమ్మా, కాదనను. కానీ తక్కువ పడిన సొమ్ము అప్పుగా మీ వెంటే వస్తుంది. మీ ట్రాకర్ వడ్డీ కూడా పోతుంది. ఐరోపా కేంద్ర బ్యాంకు రేటు మీద ఒక్క శాతం, అంతే కదా కడుతున్నారు! అలాంటి వడ్డీ ఈ జన్మలో మళ్లీ దొరకదు" అన్నాడు మేనేజరు. మిగిలిన అప్పుకి ఐదేళ్లపాటు మారని వడ్డీ కావాలంటే ఐదున్నర శాతం, వాళ్లు ఎప్పుడైనా మార్చుకునేదైతే నాలుగున్నర.

మన వీధి దీపాలు ఇంకా వెలగలేదు. బిల్డరు వదిలేసి పోయిన ఎదురింటికి కప్పే లేదు, కాకులు కాపురం పెట్టాయి. ఇంటికి ఎవరొచ్చినా ఏవా ముందుగదిలోకి లాక్కెళ్లి "ఇది మా నాన్న పూసిన గోడ" అని చూపిస్తుంది. నీ చేత్తో ప్లాస్టరింగ్ చేసిన ఇంటిని అమ్మేద్దామని నీతో ఎలా అనను? అమ్మేసి మేమూ నీ దగ్గరికి రావాలా, ఇక్కడే ఉండాలా, నువ్వే రాయి.

అన్నట్టు, మీ అమ్మగారి పునీత జోజప్ప బొమ్మ, అదే ముక్కు విరిగిన సెయింట్ జోసెఫ్, అలమారులో లేదు. మీ అక్క నోరీన్ పట్టుకుపోయి ఉంటుంది.

నీ
సోర్కా

సాస్కటూన్, కెనడా
24 అక్టోబరు 2012

బంగారూ,

అమ్మకు. ట్రాకర్ వదులుకున్నవాళ్లని ఇక్కడ రోజూ చూస్తున్నాను. నాతో పనిచేసే మన మేయో జిల్లా కుర్రాడొకడు మారని వడ్డీకి సంతకం పెట్టొచ్చి, "నన్నెవరూ చెంప మీద కొట్టి ఆపలేదేంట్రా!" అని ఇప్పుడు తల బాదుకుంటున్నాడు.

వంటింటి టైల్స్ కోసం నువ్వు ఎన్ని ఊళ్లు తిరిగావో నాకు తెలియదా? ఆ ఇంట్లోంచి నిన్ను లాగితే ఆ పాపం నాకే చుట్టుకుంటుంది. ఇంకో రెండేళ్లు ఓర్చుకో. ధరలు లేస్తాయి.

ఇక్కడ మంచు మొదలైంది. వేడిగాలి మిషన్లు పెడితే గానీ ప్లాస్టరు ఆరడం లేదు. వీళ్ల టీ నోట పెట్టలేం, మన టీపొడి పంపు. ఏవాకి పన్ను ఊడిందట కదా. నేను చూడనే లేదు.

బొమ్మ గురించి నోరీన్‌ని అడగకు. వదిలెయ్.

నీ
డొనల్

లీట్రిమ్
2 ఫిబ్రవరి 2013

ప్రియమైన డొనల్,

కోప్పడకు. గేటు దగ్గర అమ్మకం బోర్డు పెట్టించాను.

ఏవా బడిలో మన కుటుంబం బొమ్మ గీసింది. నేను, తను, మధ్యలో ఒక ఫోను. "నాన్న ఏడే?" అంటే ఫోను మీద వేలు పెట్టింది. మర్నాడే వెళ్లి బోర్డు పెట్టమని చెప్పాను.

ఇల్లు అమ్ముడుపోవాలంటే జోజప్పని తలకిందులుగా పాతాలి కదా, నాక్ మరియమాత గుడి దగ్గర కొట్లో ఓ చిన్న బొమ్మ కొని బోర్డు పక్కనే పాతాను. పక్కింటి బ్రీద్ చూసి, "ఆ పెద్దమనిషిని తలకిందులు చేసి సాయం చెయ్యమంటే ఏ మొహంతో చేస్తాడే?" అని ఒకటే నవ్వు.

ఇల్లు చూడ్డానికి ఇంతవరకు నరపురుగు కూడా రాలేదు. నువ్వు వద్దంటే బోర్డు పీకించేస్తా.

నీ
సోర్కా

సాస్కటూన్
19 ఫిబ్రవరి 2013

సోర్కా,

నీ ఇష్టం. నా కోసమని మాత్రం నీ మనసు చంపుకోకు.

డొనల్

లీట్రిమ్
20 మే 2013

ఒరే దొంగా,

ఇల్లు అమ్ముడుపోయింది. స్లైగో ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మా, ఆవిడ మొగుడూ కొనుక్కున్నారు. మన ట్రాకర్ పోయింది. మిగిలిన అప్పుకి మారని వడ్డీయే రాయించాను. ఎక్కువే, తెలుసు. కానీ నెలనెలా ఎంత కట్టాలో ముందే తెలిస్తే అక్కడైనా నిద్రపడుతుంది. ఇల్లు పోయి ఇంటి అప్పు మిగిలిందని సంతకం పెట్టాను. బయటికొచ్చి కారులో కూర్చుని బాగా ఏడ్చాను.

ఇక అసలు సంగతి. అమ్ముడయ్యాక జోజప్పని పైకి తీసి కొత్తింటికి పట్టుకెళ్లాలి కదా. నిన్న పార పట్టుకుని తవ్వాను. నాది దొరకలేదు. ఇంకాస్త లోతుకి తవ్వితే గట్టిగా ఏదో తగిలింది. ప్లాస్టరు సంచి ముక్కలో చుట్టి, తలకిందులుగా, ముక్కు విరిగిన మీ అమ్మగారి జోజప్ప! అక్కడే మట్టిలో కూర్చుని కొంగుతో తుడిచాను.

అంటే విమానం ఎక్కకముందే పాతావన్నమాట. ఇల్లు అమ్ముడుపోయి మేం నీ వెనకే రావాలని దేవుడికి చెప్పుకున్నావు, నాకు మాత్రం "అమ్మకు" అని రాశావు. నా టైల్స్ కోసమా? అవంటే నాకు ఎప్పుడో మొహం మొత్తిందయ్యా! నీ గోడల మీది మమకారంతో నువ్వు ఆగావని నేను ఆగాను. ఈ శీతాకాలమంతా మనిద్దరం ఇలా ఎవరి కోసం చచ్చాం, డొనల్? నాకు నీ మీద ఎంత కోపంగా ఉందో, ఇప్పుడే నిన్ను చూడాలని అంతగా ఉంది.

పాపం నోరీన్‌ని ఇన్నాళ్లూ మనసులో తిట్టుకున్నాను. రేపు కేకు చేసి పట్టుకెళ్తా.

నా బొమ్మ కూడా పక్కనే బయటపడింది. ఇద్దరు జోజప్పల్నీ ఏవా మేజోళ్లలో చుట్టి పెట్టెలో పెట్టాను. జూన్ పదకొండున దిగుతాం. టీపొడి తెస్తున్నా.

అక్కడి నీ అద్దె ఇంట్లో ఏం పాతినా ఇకమీదట నాకు చెప్పి పాతు.

నీ
సోర్కా