బయటి గడియ

ఇబ్రహీంపట్నం

చిరంజీవి సతీశ్‌కు నీ బాపు కాశయ్య దీవించి రాసేది. నేను, మీ అమ్మ మైసమ్మ తిని తిరుగుతున్నాం. ఫోన్ అందని ఆ మంచుకొండల మీద, డ్యూటీలో నీ ఒళ్లు కూడా బాగుండాలి.

నీ ఉత్తరంలో రెండు మాటలు అడిగావు. చెరువులో నీళ్లు తూము దాకా ఉన్నాయి. ఇక త్రివేణి ఎందుకు రాయడం లేదంటే, దానికే ఈ కాగితం.

నీ పెళ్లాం చేష్టలు చూసి నాకు రోత పుట్టింది, దాచను. ఆరో నెల కడుపు. నేను చేపలు పట్టి రాగానే ముక్కు మూసుకుని మోరీ దగ్గరకు ఉరికేది. అన్నం ముందు పెట్టుకుని ఏడ్చేది. ఎందుకని అడిగితే "ఊకెనే మామా" అనేది. గోడ సున్నం గీకి తింటుంటే చూసి, నేను నోట్లో ముద్ద ఊసి లేచాను.

వల ఆమె కిటికీ కింది మేకుకే ఆరేసేవాణ్ణి. నీకు తెలుసు, అది మా నాయన కొట్టిన మేకు.

"మామా, జర అవతల ఆరెయ్యి. పేగులు బయటికొస్తున్నయ్."

"గీ వాసనలనే నీ మొగుడు పెరిగిండు" అన్నాను.

మర్నాడు వల కత్తిపీట మీద రెండు ముక్కలైంది. కోసింది ఆమే. పక్కనే కూర్చుని ఏడుస్తోంది. మన ఇంట్లో వలను కాలితో తొక్కడమే తప్పు. ఇది మనిషి పని కాదు, దయ్యం పట్టిందనుకున్నాను.

ఇక్కడి నుంచి నీకు చెప్పొద్దని త్రివేణి అన్నది. చెబుతున్నాను. దయ్యాలు విడిపించే మంత్రగాణ్ణి పిలిపించాను. ఆమె గదిలో ఎండుమిరపకాయల పొగ పెట్టించాడు. బయట గడియ వేసింది నేను. "మామా, బిడ్డ కదుల్తలేదు" అని లోపలి నుంచి అరిచింది. వెంటనే తీయలేదు. ఎంతసేపు తీయలేదో చెప్పలేను. తీసేసరికి కింద పడి ఉంది.

దవాఖానలో బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటుందన్నారు. నర్సు నన్ను నలుగురిలో కడిగింది. "తాతా, దయ్యం లేదు గియ్యం లేదు. కడుపుతోని ఉన్నోళ్లకు కోపమొస్తది, ఏడుపొస్తది, వాసన పడది. ఇంత వయసొచ్చింది, నీకెరుక లేదా?"

మీ అమ్మ అందుకుంది. "ఆయనకేడ ఎరుక? సతీశ్ కడుపుల ఉన్నప్పుడు చేపల పులుసు గిన్నె వాకిట్ల ఇసిరికొట్టిన. ఆర్నెల్లు చెర్వుకట్ట మీదనే పండిండు, నా మొకం సూడలే."

అప్పటి నుంచి నా చేతులు చూస్తే నాకే రోత. చేపల వాసనకు కాదు.

త్రివేణి యాచారంలో తల్లి దగ్గర ఉంది. మనింటికి మళ్లీ రానన్నది. మొన్న బస్సెక్కి పోయాను. రెండుసార్లు సబ్బుతో స్నానం చేసి, ఉతికిన అంగీ తొడిగి, వాకిలి బయటే నిలబడ్డాను. క్షమించమనడం నాకు రాదు. ఆమెనే అడిగింది.

"మేకు పీకినవా మామా?"

"పీకిన."

"గడియ?"

అది యాదికే రాలేదు.

"గడియ లోపటి దిక్కు పెట్టు. గప్పుడు ఆలోచిస్త" అని లోపలికి పోయింది.

నిన్న బిగించాను. తలుపుకు బయటి దిక్కు పాత గడియ బొక్కలు నాలుగున్నాయి. పూడ్చలేదు. సెలవు మీద వచ్చాక, నన్ను తిట్టాలనుకుంటే అక్కడ నిలబడి తిట్టు. వింటాను.

ఇట్లు,
నీ బాపు
కాశయ్య