ఎండలో ఆనే రంగు

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. డయాలసిస్ వంతు ఎప్పుడో ఫోన్లోనే చూసుకునే వెబ్‌సైట్ ఇవాళ పూర్తిచేశాను. తెల్లటి తెర మీద అక్షరాల రంగు కంటికి ఆనుతుందని కంప్యూటర్ పరీక్షించి చెప్పింది.

నాకు నమ్మకం కుదరలేదు. నేను చేసే ప్రతి పేజీనీ నువ్వు జీడిపిక్కలు ఆరబోసిన కళ్లంలో, ఎండలో నిలబడి చూసేదానివి. "ఏటే, అచ్చరాలిలా ఎలిసిపోనాయి? డయాలసిస్‌కి పలాస ఎల్లే ఆటోలో ఇదేటి సదువుతాను?" అనేదానివి. విసుక్కుంటూనే ముదురు చేసేదాన్ని.

ఇవాళ కూడా కళ్లంలోకే వెళ్లి ఫోన్ తెరిచాను. నీ మంగళవారం వంతులో ఇప్పుడు వజ్రపుకొత్తూరు ఆవిడెవరిదో పేరుంది. అంత ఎండలోనూ నాకు బాగానే ఆనింది.

అయినా రంగు ఇంకాస్త ముదురు చేశాను. ఆవిడా ఆటోలోనే కదా వస్తుంది.