అల్యూమినియానికి కిరోసిన్ ఎందుకు?

ఖబూరా, ఒమన్

పూజ్యులైన అత్తయ్య గారికి,

ప్రేమ్ సాగర్ నమస్కారాలు.

సెలిన్ చివరి రోజు ఎలా గడిచిందని భీమవరంలో సమాధి దగ్గర అడిగారు. అప్పుడు చుట్టూ జనం, చెప్పడం కుదరలేదు. ఫోనులో చెబితే మీకు సరిగా వినబడదు. అందుకే రాసి, ఫొటో తీసి పంపుతున్నాను.

ఆ రోజు తెల్లవారాక సెలిన్ ముఖం తుడిచాను. జావ రెండు చెంచాలు తాగింది. పక్కింటి రజియా వచ్చి జుట్టు దువ్వింది. మధ్యాహ్నం తనతో పనిచేసే నర్సులు డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చారు. వారిలో సుమలత అనే అమ్మాయి సూదిమందు ఇచ్చింది. కాసేపటికి సెలిన్ నొప్పి లేదంది, కూర్చోబెట్టమంది. మంచం తలవైపు ఎత్తే ప్లాస్టిక్ లీవరు అప్పటికే విరిగిపోయింది. అందుకని వెనక నేను కూర్చుని ఆనించుకున్నాను. సాయంత్రం ప్రార్థన జరుగుతుండగా వెళ్లిపోయింది. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. అందరూ చేయవలసినదానికంటే ఎక్కువే చేశారు.

ఆ మంచం చర్చి సంఘం వారిది. ఇప్పుడు రజియా తండ్రి ముర్తుజా గారికి పక్షవాతం వస్తే, దాన్ని వారింటికి మార్చాం. లీవరు లేకపోతే ఆయన లేచి కూర్చోలేరు. బజారులో దొరకలేదు. సెలిన్ నాకు సరదాకు కొనిపెట్టిన, లోహం కోసే చిన్న మిల్లింగ్ మెషిన్ వంటగది బల్ల మీద ఉంది. దాని మీద అల్యూమినియం దిమ్మ కోసి కొత్త లీవరు చేస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: సెలిన్ చీరలు నర్సులకు పంచేశాను. సాయంత్రాలు వంటగది తలుపులు వేసుకుంటున్నాను. ఇక్కడ కిరోసిన్ దొరకడం కష్టం. జాలరి రషీద్ ఒక డబ్బా ఇచ్చాడు.

*

భీమవరం

అల్లుడు గారికి,

ప్రభువు పేరట సౌభాగ్యమ్మ దీవెనలు.

మీ ఉత్తరం పాస్టరమ్మ గారు చదివి వినిపించారు. చివరి రోజు సంగతి విని ఇద్దరం ఏడ్చాం, ఆనక స్తోత్రం చెప్పుకున్నాం. తా.క. దగ్గరికొచ్చేసరికి ఆవిడ చదివిందే మళ్లీ చదివారు. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

బాబూ, మీరు చదువుకున్నవారు. నేను చిన్నప్పట్నించీ అల్యూమినియం గిన్నెలు తోముతున్నదాన్ని. బూడిద వేశాను, చింతపండు వేశాను, ఇటుకపొడి వేశాను. అల్యూమినియానికి కిరోసిన్ వేసినవాళ్లని నేనెక్కడా చూళ్లేదు. పెళ్లాం చీరలు పంచేసి, తలుపులేసుకుని, కిరోసిన్ డబ్బా దగ్గరెట్టుకున్న మనిషి ఏం చేద్దామనుకుంటున్నాడో నాకొకళ్లు చెప్పక్కర్లేదు. నాకున్న ఒక్క పిల్లా వెళ్లిపోయింది. మిమ్మల్ని కూడా పోగొట్టుకోలేను.

మా అన్నయ్య కొడుకు మనోహరం మీ ఒమన్‌లోనే, బురైమిలో ఉన్నాడు. గురువారం డ్యూటీ అవ్వగానే మీ దగ్గరికొస్తాడు. ఇక ప్రతి వారం వస్తాడు. అల్లుడి మీద అత్తగారు అజమాయిషీ చెయ్యకూడదంటారు. నేను చేస్తాను.

ఇట్లు,
సౌభాగ్యమ్మ

తా.క.: మనోహరానికి తిండెక్కువ. వాడికోసమైనా మీరు పొయ్యి వెలిగించాలి. పొయ్యి మాత్రమే.

*

ఖబూరా

పూజ్యులైన అత్తయ్య గారికి,

నమస్కారాలు.

మనోహరం వచ్చాడు. చెప్పులు విప్పకముందే డబ్బా ఎక్కడన్నాడు. గోడ పక్క ఇసుకలో పారబోశాడు. బాత్‌రూం తలుపు గడియ ఊడదీశాడు. మళ్లీ బిగించమంటే, "అత్తని అడగాలి అన్నయ్యా" అన్నాడు. తర్వాత మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

తలుపులు వేసేది మెషిన్ మోత పక్కింటికి వినబడకుండా. కిరోసిన్ సంగతి కూడా చెప్పాలి. అల్యూమినియం మెత్తని లోహం. కోస్తున్నప్పుడు వేడెక్కి, కోసే పనిముట్టు పళ్లకు ముద్దలా అతుక్కుంటుంది. కిరోసిన్ చుక్కలు వేస్తే అతుక్కోదు. మనోహరానికి ఇదంతా వివరించాను. మర్యాదగా తల ఊపాడు, నమ్మలేదు. కిరోసిన్ లేకుండా కోసి చూపించాను. పనిముట్టు విరిగింది, లీవరు పాడైంది. అప్పుడు నమ్మాడు. అప్పటికి ఇసుక తాగేసింది.

ముర్తుజా గారు ఇంకా పడుకునే ఉన్నారు. వీపు కందుతోందని రజియా బాధపడుతోంది. ఇక ఆలస్యం చేయలేను. స్పిరిట్ వేసినా పని జరుగుతుంది. సుమలత మందుల షాపులో కొని తెచ్చింది. వారాంతం సాయంత్రాలు వచ్చి సాయం చేస్తానంది. ఆ అమ్మాయికి రుణపడి ఉన్నాను.

ఇట్లు,
ప్రేమ్ సాగర్

తా.క.: ఇకమీదట తలుపులు వేసుకున్నా లోపల నేను ఒంటరిగా ఉండను. మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

*

భీమవరం

అల్లుడు గారికి,

దీవెనలు.

నిశ్చింతగా ఉండమన్నారు. ఆ మాట చదివింది మొదలు నాకు నిద్ర లేదు. పాస్టరమ్మ గారికి కూడా లేదు.

ఆవిడ ఫోన్లో మనోహరాన్ని నిలదీశారు. సుమలత ఎవర్రా అంటే నసిగాడు. మంచిపిల్లేనట, చారు బాగా కాస్తుందట. అయితే నీకెందుకురా ప్రతి వారం ఈ తిరుగుడు, కిరోసిన్ పారబోశావు కదా అని అడిగించాను. "అన్నయ్యని కనిపెట్టుకుని ఉండాలి కదత్తా" అన్నాడు. వాడు మీ గుట్టు దాస్తున్నాడని నాకర్థమైంది.

బాబూ, మొదట అలిగాను. మీతో మాట్లాడకూడదనుకున్నాను. ఆనక ఆలోచిస్తే, కిరోసిన్ కంటే పెళ్లి నయమనిపించింది. చేసుకోండి. నాకు చెప్పే చేసుకోండి. నాదొక్కటే కోరిక. ఆ తర్వాత కూడా నన్ను అత్తయ్య అనే పిలవండి. ఆ పిల్ల నన్ను ఏమని పిలవాలో మాత్రం పాస్టరమ్మ గారికీ తోచలేదు.

ఇట్లు,
సౌభాగ్యమ్మ

తా.క.: పెళ్లిచీర కొనేశాను. షాపువాడు వెనక్కి తీసుకోడట. కాబట్టి పెళ్లి జరిగి తీరాలి.

*

ఖబూరా

పూజ్యులైన అత్తయ్య గారికి,

నమస్కారాలు.

చీర వృథా కాదు. పెళ్లి జరుగుతుంది. పెళ్లికొడుకు నేను కాదు, మనోహరం.

నన్ను కాపలా కాయడానికి వచ్చినవాణ్ణి ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని స్పిరిట్ చుక్కలు వేసే పని ఇచ్చాను. కొలతలు చదివి చెప్పే పని సుమలతది. నేను మెషిన్ వంక చూస్తూ ఉన్నాను. మిగతాది గమనించలేదు. లీవరు రెండోసారీ, మూడోసారీ ఎందుకు తప్పు వచ్చిందో నిన్ననే తెలిసింది. కొలత చెప్పే మనిషి కొలబద్ద వంక చూడటం లేదు.

వాళ్ల నాన్నకు చెప్పాలంటే మనోహరం భయపడుతున్నాడు. మీరు మేనత్త. మీ అన్నయ్య గారిని మీరే ఒప్పించాలి. సుమలత మిమ్మల్ని ఏమని పిలవాలన్న చిక్కు కూడా తీరింది. మనోహరంలాగే అత్తా అంటుంది.

ఒక సంగతి మీకు రాయలేదు. మీరు భయపడిన ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. కానీ సెలిన్ వెళ్లాక వండుకోవడం మానేశాను. టీ, రొట్టెతో సరిపెట్టుకున్నాను. మళ్లీ పొయ్యి వెలిగించింది మనోహరం వచ్చిన రోజునే. ఆ తర్వాత ఏ శుక్రవారం సెలవునాడూ నేను ఒంటరిగా తినలేదు. మీ అనుమానం తప్పు. అది నాకు చేసిన మేలు మాత్రం పెద్దది. కృతజ్ఞుణ్ణి.

మిమ్మల్ని అత్తయ్య అనే పిలుస్తాను. అడగవలసిన పని లేదు.

ఇట్లు,
మీ అల్లుడు
ప్రేమ్ సాగర్

తా.క.: నాలుగోసారి కొలతలు నేనే చూసుకున్నాను. లీవరు సరిగ్గా వచ్చింది. చేతికి గీరుకోకుండా అంచులు ఆకురాయితో నునుపు చేశాను. రేపు ఉదయం డ్యూటీకి వెళ్లేముందు రజియా వాళ్లింట్లో దాన్ని మంచానికి బిగించి, ముర్తుజా గారిని కూర్చోబెట్టి, ఆయనతో కలిసి టీ తాగుతాను.